ఎర్ర కార్డు ముట్టుకుంటే

"బొంతల ప్రదర్శన పక్క హాల్లోనండీ," అన్నాడు డూగల్.

"తెలుసు. నేను ఆటకే వచ్చా," అంది ముసలావిడ.

చేతిలో గొడుగు, భుజాన సంచీ. డెబ్బై దాటి ఉంటాయి.

బెండిగో పట్టణంలో ఏటా జరిగే ఆటల సంబరానికి అది ఆఖరి రోజు. హాలు నిండా బల్లలు. ఒకరు కథ చెబుతూ ఆట నడిపిస్తారు. మిగతావాళ్లు తలో పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ ఆడతారు. మొన్నటిదాకా ఏ బల్ల దగ్గర చూసినా డ్రాగన్ల కథలే. ఈ ఏడాది గాలి మారింది. నిజంగా జరిగిన సంగతుల మీద ఆటలు కట్టడం ఇప్పుడు కొత్త మోజు.

డూగల్ స్నేహితురాలు టామ్సిన్ కట్టిన ఆట మాత్రం మోజు కొద్దీ పుట్టింది కాదు.

ఇరవై రెండేళ్ల కిందట యారమిన్ అడవి తగలబడింది. మంటలార్పడానికి ఊరివాళ్లే బండెక్కి వెళ్లారు. ముగ్గురు తిరిగి రాలేదు. వాళ్లలో ఒకరు టామ్సిన్ నాన్న. అప్పటికి ఆ పిల్లకు ఏడేళ్లు.

బండిలోంచి ఆయన రేడియోలో చివరిసారి ఏం చెప్పాడో విన్న మనిషి ఒక్కరే. ఆ నెలలోనే ఊరొదిలి వెళ్లిపోయారు. ఆ మనిషికి టామ్సిన్ పదకొండు ఉత్తరాలు రాసింది. పది ఉత్తరాలకు జవాబు లేదు. పదకొండోది, ఇల్లు మారారని తిరిగొచ్చింది.

ఆట పుస్తకం మంగళవారం అచ్చుకు వెళ్లాలి. ఆఖరి పేజీ ఇంకా ఖాళీ.

"ఏదో ఒకటి రాసెయ్యి టామ్. ఎవడొచ్చి నిలదీస్తాడు?" అన్నాడు డూగల్. ఈ మాట అనడం అతనికిది వందోసారి.

"మా నాన్న మాట నేను కల్పించను. దొరికేదాకా వెతుకుతా."

మొండిఘటం. ఆమెతో వాదించి గెలిచినవాళ్లు ఆ హాల్లో లేరు.

టామ్సిన్ ముసలావిడకు కుర్చీ జరిపింది.

"ఇక్కడ అసలు పేర్లతో పని లేదండీ. పాత్ర పేరుతోనే పిలుచుకుంటాం. మిగిలిన పాత్ర డాట్ ఒక్కతే. రేడియో దగ్గర కూర్చుంటుంది. పరుగులుండవు, పాచికలు కూడా తక్కువే. అందుకే ఎవరూ తీసుకోరు."

"నా మోకాళ్లకు అదే సరిపోతుందిలే."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

టామ్సిన్ బల్ల మధ్యలో ఎర్ర కార్డు పెట్టింది. ఈ పద్ధతి ఈమధ్య అన్ని బల్లలకూ పాకింది.

"ఆటలో ఏదైనా తట్టుకోలేకపోతే దీన్ని ముట్టుకోండి. అక్కడితో ఆపేస్తాం. ఎందుకని ఎవరూ అడగరు."

"ఎవరూ అడగరా?"

"ఎవరూ అడగకూడదు. నా బల్ల దగ్గర ఈ నియమం దాటినవాళ్లు లేరు."

ఆట మొదలైంది. కథలో గాలి తిరిగింది. బండి నడిపే పాత్ర డూగల్‌ది.

"డాట్! పొగలో దారి కనబడటం లేదు!" అని అరిచాడు.

"అరవకు. ఎడమ పక్క కంచె ఉంటుంది. దాని వెంబడే మెల్లగా రా," అంది ముసలావిడ.

డూగల్ తన కాగితం తిప్పి చూసుకున్నాడు. "కంచె ఎక్కడుంది? నా పటంలో లేదే!"

"గొర్రెలు మేసే ఊళ్లో కంచె లేని దారి ఉంటుందా అబ్బాయ్?"

మళ్లీ నవ్వులు. టామ్సిన్ పటంలో కంచె గీసుకుంది.

రెండు గంటల తర్వాత ఆఖరి ఘట్టం వచ్చింది. అక్కడ టామ్సిన్ దగ్గర రాసి పెట్టుకున్నదేమీ లేదు. ప్రతిసారీ ఆటగాళ్లనే అడుగుతోంది.

"డాట్, బండిలోంచి చివరి పిలుపు. నీకు ఏం వినబడింది?"

ముసలావిడ నోరు తెరిచింది. చెయ్యి మెల్లగా వెళ్లి ఎర్ర కార్డు మీద ఆగింది.

"సరే, ఆట ఇక్కడితో ఆపుదాం," అంది టామ్సిన్ వెంటనే.

ముసలావిడ కార్డు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"ఎందుకని అడగవా?"

"అడగనండీ. మీరేమీ చెప్పక్కర్లేదు."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా." ఎంతో ప్రేమగా అంది టామ్సిన్.

ముసలావిడ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది.

"మంచి నియమమే తల్లీ," అని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

"పాపం, భయపడినట్టుంది. మొత్తానికి మన ఆఖరి ఆట ఊరికే పోయింది," అన్నాడు డూగల్.

"పోతే పోనీ. పెద్దావిడను బాధపెట్టలేదు. నాకదే చాలు."

ఆ మాట నిజంగానే తృప్తిగా అంది.

ఆడినవాళ్లు వెళ్లేముందు అభిప్రాయం చీటీ మీద రాసి, అసలు పేరుతో సంతకం చేసి, గుమ్మం దగ్గర డబ్బాలో వెయ్యాలి. బల్లలు సర్దుతుండగా టామ్సిన్ ఆ చీటీలు తీసి చదవసాగింది. నాలుగోదాంట్లో ఇలా రాసి ఉంది.

"కార్డు ముట్టుకున్నవాళ్లను ఒక్కసారి అడిగి చూడండి. కొందరు అడిగితే తప్ప చెప్పలేరు."

కింద పేరు చూసి టామ్సిన్ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. హాలు దాటి, రోడ్డు దాటి, స్టేషన్ దాకా పరుగెత్తింది. మెల్‌బోర్న్ రైలు వెళ్లి అరగంటయింది.

తిరిగొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"అచ్చువాళ్లకు ఫోన్ చెయ్యి డూగల్. పుస్తకం ఆపమను."

"ఎన్నాళ్లు?"

"ఆవిణ్ణి వెతికి పట్టుకుని, ఎందుకని అడిగేదాకా."

డూగల్ చీటీ అందుకుని చదివాడు: బెరిల్ కార్మోడీ.

యారమిన్ మండిన రోజున రేడియో దగ్గర కూర్చుని, టామ్సిన్ నాన్న ఆఖరి మాట విన్నది ఆవిడే.