మిద్దె మీద యుద్ధం

పెళ్ళిచూపులకు వచ్చిన అబ్బాయితో మాట్లాడమని కూతురు నేత్రావతిని మిద్దె మీదికి పంపి, మునియప్ప మెట్ల కింద నిలబడ్డాడు. కాటన్‌పేటలోని వాళ్ళ బంధువర్గంలో సంబంధం కుదిరితే తప్ప మగపెళ్ళివారు ఆడపిల్ల ఇంట భోంచెయ్యరు. కాఫీతో సరి.

పైనుంచి కూతురి గొంతు గట్టిగా వినిపించింది.

"మీరు గోడలు కట్టుకుంటా కూచోండి. నేను ఏనుగుల్ని తోలుకొచ్చి కూలగొడతా."

"రండి చూద్దాం. నా గాదెలు నిండుగా ఉంటాయి. ఆర్నెల్లయినా కోట తలుపు తియ్యను," అన్నాడు అబ్బాయి.

మునియప్ప మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. హాల్లో కూర్చున్న పెద్దలకు ఏమని సర్దిచెప్పాలా అనుకుంటుండగా నేత్రావతి దిగివచ్చింది.

"ఏమ్మా, ఏం రగడ అది?"

"కంప్యూటర్ గేమ్ గురించప్పా. ఆయనకి పాతకాలం ఊర్లు కట్టేది కావాలంట. నాకు రాజ్యాలు గెలిచేది కావాల. ఇంటికి ఏది కొనేదా అని ఇంకా తేలకుండా ఉండాది."

"ఏ ఇంటికి?"

నేత్రావతి కొంగు సర్దుకుంది.

"వాళ్ళని భోజనానికి ఉండమనప్పా."