పదో జడ

మరమనుషులకు జడ వేయడం నేర్పే పని ఇప్పుడు మా వీధిలో ప్రతి ఇంటికీ ఫోనులోనే వస్తోంది. నుదుటికి కెమెరా కట్టుకుని జడ వేయాలి, విప్పాలి, మళ్ళీ వేయాలి. రోజుకు పది జడలు. ఒక్కటి తగ్గినా ఆ పూట చేసిందంతా వృథా. నా కొడుకు జీతం ఇంటద్దెకే సరిపోతుంది గనక, మా ఇంట్లో బియ్యం, కూరలూ ఈ జడల మీదే.

తల మాత్రం నా మనవరాలు హారికది. ఏడేళ్ళ పిల్ల. తొమ్మిదో జడ విప్పేసరికి దాని మాడు ఎర్రబడింది, నా వేళ్ళు కొయ్యబారాయి.

"అత్తయ్యా, బడి బస్సు వచ్చే వేళయింది, కానివ్వండి!" అని వంటింట్లోంచి కోడలు సుగుణ కేకేసింది.

పిల్ల వెనక్కి తిరగకుండానే అడిగింది. "నానమ్మా, ఇప్పుడు వేసేది పనికా, నాకా?"

మా అమ్మ నాకు జడ వేస్తూ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది. ఎవరి కోసం వేస్తున్నావని నేనెన్నడూ అడగాల్సి రాలేదు.

"నీకేనే, మా తల్లీ," అన్నాను. కెమెరా మాత్రం తీయలేదు.

పిల్ల నమ్మింది. బిగబట్టిన మెడ వదిలేసి నా మోకాళ్ళకు ఆనుకుంది. నేనూ నొప్పి తెలియకుండా మెల్లగా అల్లాను. రిబ్బను ముడి వేయబోతుండగా ఫోను గట్టిగా పలికింది.

"ఈ పదో జడ అన్నిటికన్నా బాగుంది. రేపటి నుంచి పదీ ఇలాగే వేయండి."

హారిక నా చేతిలోంచి రిబ్బను తీసుకుంది.

"నేనే కట్టుకుంటాలే, నానమ్మా," అంది.