ఇంత ఇల్లు చాలు

"గోడకి మేకు కొట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి చెల్లెమ్మా నీకు?" వడ్రంగి కేకేశాడు. "ఇదేమన్నా ఇటుక గోడనుకున్నావా? ప్లైవుడ్! ఊరూరా తిరగాల్సిన గోడ!"

మిషన్ కుట్టే ఆమె సుత్తి వెనక్కి దాచుకుంది. "అద్దం తగిలిద్దామని అన్నా. ఇవాళ సారు చూడ్డానికి వస్తున్నారు కదా. ఇల్లు ఇల్లులా కనపడాలని టీచరమ్మే చెప్పారు."

టీచరమ్మ పేరెత్తేసరికి వడ్రంగి నోరు మూసుకున్నాడు. గృహనిర్మాణ శాఖ ఆఫీసు ఎదురుగా, పేవ్‌మెంటు మీద ఈ నమూనా ఇల్లు కట్టించింది ఆవిడే. రిటైరయ్యాక ఊరికే కూర్చోవడం ఆవిడకి చేతకాలేదు. ఇల్లు లేనివాళ్ళకి ప్రభుత్వమే ఇళ్ళు కట్టివ్వాలని ఉద్యమం మొదలుపెట్టింది. స్థలం లేదు, ఖర్చెక్కువ అని ఆఫీసువాళ్ళు నసుగుతుంటే, ఎంత చిన్న ఇంట్లో ఒక సంసారం ఇముడుతుందో కళ్ళకి కట్టినట్టు చూపిస్తానని పంతం పట్టింది. ఒక గది, ఓ మూల పొయ్యి, ఇంకో మూల స్నానానికి చాటు, ఒక కిటికీ, పైన రేకులు. వంతెన కింద బతుకుతున్న మిషన్ ఆమెనీ, మూటలు మోసే మొగుణ్ణీ, కూతురు చిట్టినీ తీసుకొచ్చి అందులో కాపురం పెట్టించింది. గుమ్మం పైన ఇంతింత అక్షరాలతో బ్యానర్ కట్టించింది: "ఒక కుటుంబానికి ఇంత ఇల్లు చాలు!"

జనం విరగబడి చూశారు. ఆఖరికి ఆఫీసు దిగొచ్చింది. ఇళ్ళు కడతామంది. ఈలోగా ఇప్పటికే సిద్ధంగా ఉన్న కొన్ని ఇళ్ళని అసలు నీడే లేనివాళ్ళకి ఇచ్చేస్తామంది. అధికారి ఒకసారి వచ్చి చూసి సరేనంటే, మొదటి తాళంచెవి మిషన్ ఆమెకే. నమూనా ఇల్లు మాత్రం సాయంత్రం లారీ ఎక్కి పక్క ఊరి ప్రచారానికి వెళ్ళిపోతుంది.

అధికారి అన్నమాట ప్రకారం వచ్చాడు. నెమ్మదస్తుడు. చెప్పులు గుమ్మం బయట విడిచి మరీ లోపలికి అడుగుపెట్టాడు. ఎంత మర్యాద తెలిసిన మనిషో అని టీచరమ్మ మురిసిపోయింది.

ఆయన పొయ్యి చూశాడు. కిటికీ తలుపు తీసి, వేసి చూశాడు. కొత్తగా తగిలించిన అద్దంలో క్రాపు సరిచేసుకున్నాడు.

"ఎప్పట్నుంచి ఉంటున్నారమ్మా ఇక్కడ?"

"ఎండాకాలం నుంచీ సార్."

"మరి వానలకి ఇబ్బంది లేదూ?"

"ఒక్క చుక్క కురిస్తే ఒట్టు," అంది ఆమె. వడ్రంగి కాలరు సర్దుకున్నాడు.

"ముగ్గురికీ సరిపోతోందా?"

"మాకిది రాజభవనం సార్." చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ అలాగే చెప్పమని నేర్పింది టీచరమ్మే.

అధికారి తల పంకించాడు. "అయితే మీకు ఇల్లుందిగా తల్లీ. మేమిచ్చేది లేనివాళ్ళకి."

టీచరమ్మకి ముందు నవ్వొచ్చింది. ఆయన మాత్రం నవ్వడం లేదు.

"అదేంటండీ! ఇది ఉత్త నమూనా. పిల్లల బొమ్మరిల్లు లాంటిది!"

"అలా అనడానికి వీల్లేదండీ," అధికారి గుమ్మం పైకి వేలు చూపించాడు. "ఒక కుటుంబానికి ఇంత ఇల్లు చాలని మైకు పెట్టి మరీ చెప్పింది మీరే. అది నమ్మే మా పైవాళ్ళు ఒప్పుకున్నారు. ఇది ఇల్లు కాదంటే, రేపు మేం కట్టేవీ ఇళ్ళు కావనేగా? అందరివీ ఆగిపోతాయి. నా చేతిలో ఏముంది చెప్పండి?"

టీచరమ్మ తల పట్టుకుంది.

"పోనీలెండి టీచరమ్మా, మేమిక్కడే సర్దుకుంటాం," అంది మిషన్ ఆమె. ఆవిడ బాధ చూడలేక అలా అంది.

"ఎక్కడ సర్దుకుంటావే పిచ్చిదానా? సాయంత్రం ఇది లారీ ఎక్కుతోంది!" అనేసి, టీచరమ్మ ఠక్కున అధికారి వైపు తిరిగింది. "విన్నారుగా? సాయంత్రానికి వీళ్ళకి ఇదీ ఉండదు."

"సాయంత్రం సంగతి నాకెందుకండీ? నేను రాసుకోవాల్సింది ఇప్పుడు కంటికి కనపడేది."

"అయితే ఇప్పుడే చూడండి! ఏమయ్యా, విప్పేయ్!"

వడ్రంగి గబగబా స్క్రూలు విప్పాడు. మిషన్ ఆమె మొగుడు రేకులు దించి భుజాన మోశాడు. మిషన్ ఆమె అద్దం తీసి చిట్టి చేతికిచ్చి, పొద్దున తను కొట్టిన మేకుని తనే పీకింది. అధికారి వట్టికాళ్ళతోనే రోడ్డు మీద చేతులు కట్టుకుని నిలబడి ఓపిగ్గా చూశాడు. ఒక గోడ పోయింది, ఇంకోటి పోయింది. కాసేపటికి పేవ్‌మెంటు మీద కుట్టు మిషనూ, పొయ్యీ, అద్దం పట్టుకుని ఎండలో నిలబడ్డ పిల్లా తప్ప ఇంకేం మిగల్లేదు.

"ఇప్పుడు చెప్పండి!" టీచరమ్మ ఆయాసపడుతూ అడిగింది. "వీళ్ళకి ఇల్లుందా?"

"లేదండీ. ఎక్కడుంది?" అన్నాడు అధికారి.

టీచరమ్మ గుండెల నిండా గాలి పీల్చుకుంది. మిషన్ ఆమె కళ్ళు తుడుచుకుని ఆయనకి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది.

అధికారి చెప్పులు వేసుకుంటూ, నిజంగానే బాధపడుతూ అన్నాడు: "కానీ ఉన్న ఇల్లు చేతులారా పడగొట్టుకున్నవాళ్ళకి ఇంకో ఇల్లిచ్చే రూలు మా దగ్గర లేదమ్మా."