ఘోషాలోకి వెళ్లిన తీగ

రాజమండ్రి అంతా గాలించినా ఫోటోలు తీసే గంగయ్యకు వంగే తీగ దొరకలేదు.

తంతి ఆఫీసు వాళ్లిచ్చిన ఇనుప తీగ కర్రలా బిగుసుకుంది. కంసాలి సాగదీసిచ్చిన రాగి తీగ నాలుగు మెలికలు తిప్పేసరికి పుటుక్కుమంది. మెత్తని తీగ మద్రాసులో దొరుకుతుందట. అది వచ్చేసరికి దివాణం పెళ్లికూతురు అత్తవారింటికి వెళ్లిపోతుంది.

ఆ పిల్ల వెళ్లేలోగా ఆడవాళ్లందరూ కలిసి ఒక ఫోటో దిగాలని ముచ్చటపడ్డారు. కానీ వాళ్లది ఘోషా. పరాయి మగవాడి కంట పడకూడదు. కెమెరా లోపల నిలబెట్టి, వాళ్లు వచ్చేలోగా గంగయ్య గోడ బయటికి పోవాలి. అక్కడ మీట నొక్కితే బ్యాటరీ కరెంటు తీగ వెంట పాకి కెమెరా మూత తెరవాలి. తీగ కుదరకపోతే ఫోటోలు తీసే దొరసానిని కాకినాడ నుంచి పిలిపిస్తామన్నారు దివాణం వాళ్లు. అదే జరిగితే ఊళ్లో గంగయ్య పరువు గోదాట్లో కలిసినట్టే.

పెద్ద అమ్మగారు మహాలక్ష్మమ్మ తెర చాటు నుంచి అడిగారు.

"ఏమయ్యా గంగయ్యా, ఈ తీగలూ తిప్పలూ ఎందుకు? మీ ఆవిడ ఎప్పుడూ నీ వెంటే ఉంటుందిగా. ఆవిడ చేత తీయించరాదూ?"

"అది ఆడవాళ్లకు చేతనయ్యే పనా అండీ!" అని నవ్వేశాడు గంగయ్య.

పక్కనే ఉన్న అతని భార్య లోవమ్మ చేతిలోని కెమెరా పెట్టె సర్దుకుంది. గంగయ్యకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

ఇంటికొచ్చాక లోవమ్మ అన్నం వడ్డిస్తుంటే ఆమె పైట అంచు చేతికి తగిలింది. గంగయ్య దాన్ని వదల్లేదు. తడిమి చూశాడు. పట్టుదారానికి చుట్టిన వెండి రేకు. ఎటు మెలిపెట్టినా తెగదు.

"నీ పెళ్లిచీర జరీ అయితే పొడుగ్గా వస్తుందే..." అని గొణిగాడు. చేతిలోని ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాడు.

"వస్తుందండి" అని లోవమ్మ కత్తెర కోసం లేచింది.

జరీ పోగులు పేని, మైనపు గుడ్డ చుట్టారు. దివాణంలో ఆ తీగ కిటికీ చువ్వల్లోంచి దూరి, మంచాల కిందుగా పాకి, చెప్పిన మాట విన్నది. ఆడవాళ్లు సర్దుకుని కూర్చున్నాక లోపలి నుంచి లోవమ్మ "ఆఁ!" అంది. గంగయ్య మీట నొక్కాడు.

ఫోటో అద్భుతంగా వచ్చింది. మహాలక్ష్మమ్మగారు తెర చాటు నుంచే శాలువా అందింపజేశారు.

"నీది మామూలు పనితనం కాదయ్యా! గోడ అవతల ఉండి ఇంత చక్కగా తీశావు."

గంగయ్య దణ్ణం పెట్టాడు. శాలువా మోయలేనంత బరువనిపించింది. లోవమ్మ వైపు ముఖం తిప్పలేకపోయాడు.

అతని కళ్లకు పొరలు కమ్మి ఏళ్లయింది. అప్పటి నుంచి గంగయ్య తీశాడని ఊరు మెచ్చుకునే ప్రతి ఫోటోనూ, అద్దం తుడిచే వంకతో నల్లగుడ్డలో తల దూర్చి, తీస్తున్నది లోవమ్మే.