కోకిల గొంతు పెగల్లేదు

వాగు ఒడ్డు అడవిలో కాకిగోల భరించలేకపోయింది కుందేలు. చెవులు పెద్దవి కదా, ఆ గోల దానికే ఎక్కువ వినిపించేది!

"ఇకమీదట ప్రమాదం వస్తే కోకిలమ్మ ఒక్కతే చెబుతుంది. వినడానికి ఇంపుగా ఉంటుంది. కాకులు నోరెత్తకూడదు," అంది. జంతువులన్నీ తలలూపాయి.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం వాగు ఒక్కసారిగా పొంగింది. బొరియలోకి నీళ్లు రాగానే కుందేలు పిల్లల్ని గట్టు మీదికి చేర్చి, కోకిల ఉన్న చెట్టు కిందికి పరుగెత్తింది.

"ఇంకా ఎవరికీ తెలీదు, కూయవే తల్లీ!"

కోకిల నోరు తెరిచింది. గొంతు పెగల్లేదు.

"నాది మామిడి చిగుళ్ల నాటి గొంతు. వానాకాలంలో పలకదు," అంది బొంగురుగా. "మీరెవరూ అడగలేదు కదా!"



అంతలో ఒక ముసలి కాకి, ఆ కట్టడిని తుంగలో తొక్కి, "కావ్!" అంది. పక్క చెట్టు మీది కాకి అందుకుంది. వరదకు ఆ చెట్టు కూలింది. అరుపు మాత్రం ఆగలేదు, అవతలి చెట్టు కాకులు అందుకున్నాయి. ఆ అరుపే చెట్టు నుంచి చెట్టుకు పాకి, అడవినంతా గుట్ట ఎక్కించింది.

ఇప్పుడు కాకులు గోల చేస్తుంటే కుందేలు హాయిగా నిద్రపోతుంది. గోల ఆగిందా, ఉలిక్కిపడి లేస్తుంది.