చెప్పుల వరస

సచివాలయం గుమ్మం ముందు మనుషులు లేరు. చెప్పులే వరసలో ఉన్నాయి.

ఎండ తాళలేక అందరూ గోడ నీడన కూర్చుని, తమ చోట్లలో చెప్పులు విడిచారు. ఏ చెప్పుల వంతు వస్తే ఆ మనిషి లేచి లోపలికి పోవాలి.

సుందరలక్ష్మి లెక్కపెట్టింది. ముప్పై జతలు. టైము మూడున్నర.

కూతురు హర్షిణి ఇంజనీరింగు సీటు కోసం, అగ్రవర్ణ పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఇక్కడ తీసుకుని సాయంత్రం ఐదింటిలోగా ఆన్‌లైన్లో పెట్టాలి. లేకపోతే సీటు పోతుంది.

నాలుగో చోట అరిగిపోయిన టైరు చెప్పులున్నాయి. వాటిని కాలితో పక్కకు నెట్టి, "నీవి ఈడ ఇడువు," అంది కూతురితో.

"అవి నావి, శెట్టెమ్మా."

నీడలోంచి ఒక ముసలాయన లేచి వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా. చేతిలో ప్లాస్టిక్ కవరు.

"చూడలేదప్పా," అంది సుందరలక్ష్మి. చూసే నెట్టింది.

"మీరు కేశవయ్య శెట్టి ఇంటోళ్లు గదా? నా పేరు దాసన్న. టమోటా మార్కెట్లో కాయలు ఏరుతాండా. బియ్యం మీ అంగట్లోనే కొంటా."

ఎన్నేళ్లుగా కొంటున్నాడో గానీ ఆమెకు ఆ ముఖం గుర్తు రాలేదు. కవర్లోంచి పింఛను పుస్తకం మాత్రం కనబడింది.

"పింఛను పనా?"

"పింఛను పనే."

"కాయలు ఏరే ఓపిక ఉండాది, పింఛనూ కావల్లా? చేతులు ఆడేవాళ్లు గూడా గవర్నమెంటు మింద పడితే ఎట్లప్పా? మా ఆయన సైకిలు మింద ఉప్పు అమ్మి పైకొచ్చినాడు. ఎవరినీ అడగలా."

"అమ్మా, గమ్మునుండు," అంటూ హర్షిణి చెయ్యి పట్టి లాగింది.

దాసన్న నవ్వాడు.

"మా ఆడమనిషి ఏసుమణి మంచాన పడితే ఆ పింఛనుతోనే మందులు తెస్తి. నా బిడ్డ ఫీజు గూడా గవర్నమెంటే కట్టె. ఇప్పుడు కర్నూల్లో ప్రైవేటు ఆసుపత్రిలో నర్సమ్మ. ఇచ్చినోళ్లకే ఓటేసినా. దాచేదేముండాది?"

"అదే నేను చెప్తాండేది. మీరు ఓట్లేస్తారు, వాళ్లు పంచుతారు. పన్నులు కట్టేది మేము."

"సబ్బు కొన్నా పన్నే గదా శెట్టెమ్మా, మేమూ కడతాండాం. మీ అంగట్లో బిల్లు ఇయ్యరు గాని."

గోడ కింది ఆడవాళ్లు పక్కున నవ్వారు. సుందరలక్ష్మి ముఖం కందిపోయింది.

"నీకేం పని బిడ్డా?" అని దాసన్న హర్షిణిని అడిగాడు.

"సర్టిఫికెట్ తాతా. మాకు ఆదాయం తక్కువని." హర్షిణి తల వంచుకుంది. అంగడి నాయనమ్మ పేరు మీద, రెండంతస్తుల మిద్దె పెద్దనాన్న పేరు మీద ఉన్నాయని ఆ పిల్లకు తెలుసు. "ఐదింటికే ఆఖరు."

దాసన్న వంగి తన చెప్పులు తీశాడు. ఆ చోట హర్షిణిని చెప్పులు విడవమన్నాడు. తనవి పట్టుకెళ్లి వరస చివర పెట్టాడు.

"మరి నీకు తాతా?"

"మూణ్ణెల్ల నుంచి తిరుగుతాండా. ఇంగో గంట నిలబడితే అరిగిపోతానా? నీది సదువు."

సుందరలక్ష్మి వరస చివరి టైరు చెప్పుల వైపు చూసింది. ఇంత మాట పడ్డవాడు చోటెందుకిచ్చాడు? ఇంత మాట అన్నవాడి మీద తనకు కోపమెందుకు రావడం లేదు? మూడు నెలలుగా పింఛను కోసం తిరుగుతున్నాడన్న మాట ఒక్కటే మనసులో ముల్లులా గుచ్చుకుంది.

నాలుగుంబావుకు సర్టిఫికెట్ చేతికొచ్చింది. పక్కవీధి నెట్ సెంటర్లో ఐదింటికి ఐదు నిమిషాలుండగా పెట్టించారు. గండం గడిచింది.

ఇంటివైపు నాలుగడుగులు వేసి సుందరలక్ష్మి ఆగింది. బేకరీలో అరకిలో మైసూరుపాకు కట్టించింది.

"ఎవరికమ్మా?"

"ఆ ముసిలాయనకు. ఆఫీసాయనకు గూడా ఒక మాట చెప్పి వద్దాం పా."

తిరిగి వచ్చేసరికి గుమ్మం ముందు ఒక్క చెప్పుల జత కూడా లేదు. లోపల ఆఫీసాయన అరుణ్ కుమార్ ఒక్కడే కంప్యూటర్ ఆపబోతున్నాడు.

"దాసన్న యాడప్పా?"

"ఇప్పుడే పాయె మేడమ్."

"పాపం, మూణ్ణెల్ల నుంచి తిప్పుతాండారంట. ఆ పింఛనేదో ఇచ్చేయరాదా? కావల్లంటే మా ఆయనతో పెద్దసారుకు చెప్పిస్తా."

అరుణ్ కుమార్ ఆమెను వింతగా చూశాడు.

"పింఛను ఆయనకు నెలనెలా వస్తానే ఉండాది మేడమ్. వద్దని తిరుగుతాండాడు."

"వద్దనా?"

"బిడ్డకు ఉద్యోగం వచ్చినాక చర్చిలో లేచి సాక్ష్యం చెప్పినాడంట, దేవుడు నాకు ఏ కొదవా లేకుండా చేసినాడని. ఆదివారం ఆడ అట్ల చెప్పి, ఒకటో తేదీ ఈడ కొదవ ఉండాదని వేలిముద్ర ఎట్లేసేదని ఆయన బాధ. నేనేం చేసేది? కంప్యూటర్లో 'వద్దు' అనేదానికి గడే లేదు."

సుందరలక్ష్మి చేతిలోని సర్టిఫికెట్‌ను తనకు తెలియకుండానే మడిచింది. మళ్లీ విప్పింది.

"మరి ఈ పొద్దు ఏం చేసినారు?" హర్షిణి అడిగింది.

"ఆయనే చెప్పె. ఉండే గడుల్లోనే ఏదో ఒకటి నొక్కప్పా, పైనుండే ఆయన దగ్గర నా పేరు సక్కంగానే ఉంటాదిలే అని నవ్వె."

అరుణ్ కుమార్ తెరను వాళ్ల వైపు తిప్పాడు.

దాసన్న పేరు పక్కన, రద్దుకు కారణం రాసే గడిలో ఒకే మాట ఉంది: మరణించారు.