నిమ్మచెట్టు దుప్పటి

వానకోటు వేసుకున్న ఆ భారీ మనిషిని గుమ్మంలో చూడగానే నోలీన్‌కి ప్రాణం లేచొచ్చింది.

"హమ్మయ్య, వచ్చావా బాబూ. హీట్ పంప్ సంగతి ముందు చూడు" అంది.

"అమ్మా, నేను అసలు వచ్చింది..."

"తెలుసులే. ఇవాళ హాస్పిటల్ నుంచి నర్సమ్మ వస్తుంది. ఈలోగా ఇల్లు వెచ్చబడకపోతే నా మనవరాలిని పంపరు."

అతను బూట్లు గడప దగ్గర విప్పి లోపలికొచ్చాడు.

నెలలు నిండకుండా పుట్టిన పాప. డునెడిన్ హాస్పిటల్లో ఇప్పుడిప్పుడే సొంతంగా ఊపిరి తీసుకుంటోంది. భూగోళం దక్షిణపు కొసనున్న ఈ మోస్గీల్ ఊళ్లో జూలై అంటే నడిచలికాలం, ఆ చలంటే మాటలా? గది వెచ్చగా ఉందని నర్సు కళ్లారా చూసి చెబితేనే తల్లీబిడ్డల్ని పంపుతామన్నారు. కూతురు కిర్‌స్టీ ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తోంది.

ఏసీలా గోడకి బిగించి గదిని వెచ్చబరిచే ఆ హీట్ పంపేమో భర్త డెస్మండ్ ఎప్పుడో పెట్టించిన ముసలిది. మొన్న వచ్చిన మెకానిక్ మీటర్లు తగిలించి చూసి పెదవి విరిచాడు. గ్యాస్ ప్రెషర్ ఒకవైపు మరీ తక్కువ, ఇంకోవైపు మరీ ఎక్కువ, దీని పనైపోయింది, పారెయ్యమన్నాడు. మనసొప్పక ఆమె ఇంకో కంపెనీకి ఫోన్ చేస్తే, ఇవాళో రేపో మనిషిని పంపుతామన్నారు.

ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పిందామె.

"మా ఇంట్లోనూ ఇలాంటిదే ఉందమ్మా. బయటి మిషను ఒకసారి చూపించండి" అన్నాడతను.

పెరట్లో నిమ్మచెట్టు, దాని పక్కనే మిషను. మంచు పడకుండా చెట్టుకి కప్పే తెల్లగుడ్డ రెండింటికీ చుట్టి, తాళ్లతో బిగించి ఉంది. మొన్నటి మెకానిక్ దాని ఓ మూల ఎత్తి మీటర్లు తగిలించాడే గానీ విప్పలేదు.

అతనికి నవ్వాగలేదు. "దీనికెందుకమ్మా దుప్పటి?"

"చెట్టుకే చలేస్తే ముసలి మిషనుకి వెయ్యదూ?" అంది నోలీన్ చిన్నబుచ్చుకుని.

"బయటి గాలిలోంచి వేడి లాక్కోవడమేగా దీని పని. గాలే అందకపోతే గ్యాస్‌కి వేడి ఎక్కణ్నించి వస్తుంది? ఒకవైపు ప్రెషర్ అందుకే పడిపోయి ఉంటుంది."

గుడ్డ విప్పితే వెనక రేకుల నిండా మంచు పేరుకుని ఉంది. గోరువెచ్చటి నీళ్లు పోసి కరిగించాడు. లోపలికొచ్చి గోడ మీది మిషను మూత తెరిచాడు. డెస్మండ్ పోయాక గాలిని వడగట్టే దాని జాలీ కడగాలని ఎవరికీ తోచలేదు. నోలీన్ మనవరాలికి అల్లిన ఊలు బట్టల నూగంతా అక్కడే అట్టకట్టింది. వేడి గదిలోకి రాలేక రెండోవైపు ప్రెషర్ పెరిగిపోయిందట.

"గ్యాస్ బాగానే ఉన్నట్టుందమ్మా. పాపం, దీనికి ఊపిరాడట్లేదు, అంతే" అన్నాడు జాలీ కడుగుతూ.

కాసేపటికి గది వెచ్చబడింది. నోలీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నోరు ఊరుకోదుగా, నర్సమ్మ వచ్చే వేళకి ఇల్లంతా తడి చేశావని సణిగింది. అతనే గుడ్డ తెచ్చుకుని తుడిచాడు. పాపని ఎక్కడ పడుకోబెడతారని అడిగి, ఉయ్యాల దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. ఇంత ఆరా ఇతనికెందుకో అనుకుందామె.

"అమ్మా, నేను చెప్పాలనుకున్నది..."

"మాటలు తర్వాత బాబూ. ఆవిడ వచ్చేస్తుంది, నువ్వు బయల్దేరు."

కనీసం టీ అయినా ఇవ్వకుండా సాగనంపింది. అతను నవ్వుకుంటూ బూట్లు తొడుక్కున్నాడు.

సాయంత్రం దాకా కిటికీ దగ్గరే కూర్చుంది. నర్సమ్మ జాడ లేదు. ఫోన్ మోగేసరికి ఒక్క ఉదుటున లేచి అందుకుంది.

"అమ్మా, రేపే మమ్మల్ని పంపేస్తున్నారు" అంది కిర్‌స్టీ. ఈసారి ఏడుపు సంతోషంతో.

"అదేంటే, నర్సమ్మ ఇంకా రానేలేదు!"

"నర్సమ్మేంటమ్మా, నువ్వు హీట్ పంప్ బాగుచేయించుకుని టీ కూడా ఇవ్వకుండా తరిమేశావని టవీటా ఒకటే నవ్వు, పుట్టిన రోజు నుంచీ నీ మనవరాలి ఊపిరి కనిపెట్టుకుని కూర్చున్న నర్సు ఆయనే."